గుర్రాలు పెరిగితే దాణా పెరుగుతుందా?

రోడ్డు మీద రెండు కార్లు పక్కపక్కనే పోతున్నాయనుకోండి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే నమూనావి. బరువు కూడా ఒక్కటే. రెండూ గంటకు 80 కిలోమీటర్ల వేగంతోనే పోతున్నాయి. మొదటి కారు ఇంజను సామర్థ్యం 220 అశ్వశక్తి. రెండో కారు ఇంజనుకు ట్యూనింగు చేశారు. దాని సామర్థ్యం 290 అశ్వశక్తి. ఇప్పుడు చెప్పండి: ఏ కారు ఎక్కువ పెట్రోలు తాగుతుంది?

"ఇందులో ఆలోచించడానికేముంది? గుర్రాలు ఎక్కువైతే దాణా కూడా ఎక్కువే కదా!" అని మీలో చాలామంది అంటారు. కాని జవాబు అది కాదు. ఆ వేగంలో రెండు కార్లూ ఇంచుమించు ఒకే పెట్రోలు తాగుతాయి. ఎందుకని? మరి ట్యూనింగు చేసిన కారు యజమానికి పెట్రోలు బంకులోను, సర్వీసింగు షెడ్డులోను ఖర్చు ఎందుకు పెరుగుతుంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతుకుదాం. ఇందుకు మీరు బడిలో నేర్చుకునే భౌతిక, రసాయన శాస్త్రాలే చాలు.

చిన్న కారు, పెద్ద బలం

వెనుక భాగంలో అద్దంతో సహా పైకి తెరుచుకునే తలుపు ఉన్న చిన్న కారును హాచ్‌బ్యాక్ అంటారు. మన ఊళ్లలో తిరిగే చిన్న కార్లు చాలావరకు ఇవే. ఇలాంటి కుటుంబ కారులో బలమైన ఇంజను పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన జర్మనీలోని ఫోక్స్‌వాగన్ ఇంజనీర్లకు వచ్చింది. అలా తయారైన గోల్ఫ్ జీటీఐ కారును 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటారు ప్రదర్శనలో చూపించారు. 1976లో అమ్మకం మొదలైంది. దాని ఇంజను 1,588 ఘనపు సెంటీమీటర్లు, సామర్థ్యం 110 అశ్వశక్తి, గరిష్ఠ వేగం గంటకు 182 కి.మీ. మొత్తం 5,000 కార్లు అమ్ముడైతే చాలనుకున్నారు. మొదటి తరం కార్లే 4 లక్షల 60 వేలకు పైగా అమ్ముడయ్యాయి!

ఆ తర్వాత ఈ కారు తరాలు మారుతూ వచ్చింది. 2025లో ఎనిమిదో తరం గోల్ఫ్ జీటీఐ మన దేశంలో కూడా అమ్మకానికి వచ్చింది. మనం మాత్రం 2013లో వచ్చిన ఏడో తరం కారును ఉదాహరణగా తీసుకుందాం. దాని ఇంజను 1,984 ఘనపు సెంటీమీటర్లు, సామర్థ్యం 220 అశ్వశక్తి. డ్రైవరుతో కలిపి బరువు సుమారు 1,400 కిలోగ్రాములు అనుకుందాం. ట్యూనింగు చేసేవారి చేతిలో ఇదే ఇంజను సుమారు 290 అశ్వశక్తి ఇస్తుంది. అదనంగా వచ్చిన ఆ 70 గుర్రాలు ఎక్కడివి?

గాలిలో దాగిన గుర్రాలు

పెట్రోలు ఇంజను నాలుగు ఘాతాలలో పనిచేస్తుందని మీరు చదివే ఉంటారు. మొదటి ఘాతంలో ముషలకం, అంటే పిస్టను, కిందికి దిగి గాలిని పీల్చుకుంటుంది. రెండో ఘాతంలో పైకి లేచి ఆ గాలిని అదుముతుంది. గాలిలో కలిసిన పెట్రోలును అప్పుడు స్పార్కు ప్లగ్గు అంటిస్తుంది. మూడో ఘాతంలో వేడి వాయువులు ముషలకాన్ని బలంగా కిందికి నెడతాయి. నాలుగో ఘాతంలో పొగ బయటికి పోతుంది.

పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక గ్రాము పెట్రోలుకు దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. ఒక లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. కాబట్టి దానికి కావలసిన గాలి దాదాపు 10,900 గ్రాములు, అంటే 11 కిలోగ్రాములకు కొంచెం తక్కువ. ఘనపరిమాణంలో చెప్పాలంటే సుమారు 9,000 లీటర్లు! లీటరు పెట్రోలును సిలిండరులోకి పంపడం సులువే. దానికి తోడుగా 9,000 లీటర్ల గాలిని పంపడమే కష్టం. అందుకే ఇంజను సామర్థ్యం పెంచాలనుకునేవాళ్లు ముందు ఆలోచించేది గాలి గురించే.

ఇందుకు పనికివచ్చేదే టర్బో. స్విట్జర్లాండుకు చెందిన ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ అనే ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు పొందాడు. బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న మరో చక్రం తాజా గాలిని అదిమి సిలిండరులోకి తోస్తుంది. వృథాగా పోయే శక్తితోనే ఈ పని జరగడం ఇందులోని విశేషం.

ఈ కారులో గాలిని ఎంత పీడనంతో తోయాలి, పెట్రోలు ఎంత చిమ్మాలి, ప్లగ్గు ఏ క్షణంలో మెరవాలి అన్నవి నిర్ణయించేది ఒక చిన్న కంప్యూటరు. దాని జ్ఞాపకంలో ఎక్కాల పుస్తకం లాంటి పట్టికలు ఉంటాయి. ఇంజను వేగం ఇంత, లోపలికి వచ్చే గాలి ఇంత అయితే పెట్రోలు ఇంత అని అందులో రాసి ఉంటుంది. ట్యూనింగు చేసేవారు ఈ పట్టికలను తిరగరాస్తారు. టర్బో పీడనం పెంచుతారు, దానికి తగ్గట్టు పెట్రోలు పెంచుతారు. 70 గుర్రాలు వచ్చింది ఇక్కడినుంచే. అవి మంత్రంతో పుట్టలేదు. ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు కలిసి మండితేనే పుట్టాయి.

"అలాగైతే దాణా పెరిగినట్లే కదా?" అంటారేమో. ఆగండి, ఒక లెక్క చేద్దాం.

80 కిలోమీటర్ల వేగానికి ఎన్ని గుర్రాలు?

సమతలమైన రోడ్డు మీద ఒకే వేగంతో పోయే కారును వెనక్కి లాగే బలాలు ముఖ్యంగా రెండు. ఒకటి టైర్ల దొర్లుడు ఘర్షణ. మంచి టైర్లకు ఇది కారు బరువులో నూరో వంతు ఉంటుంది. 1,400 కిలోగ్రాముల కారుకు సుమారు 137 న్యూటన్లు. రెండోది గాలి నిరోధం. ఇది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఈ పరిమాణం కారుకు గంటకు 80 కి.మీ. వేగంలో సుమారు 207 న్యూటన్లు ఉంటుంది. రెండూ కలిపితే 344 న్యూటన్లు.

80 కి.మీ. వేగమంటే సెకనుకు 22.2 మీటర్లు. బలాన్ని వేగంతో గుణిస్తే సామర్థ్యం వస్తుంది. 344ను 22.2తో గుణిస్తే సుమారు 7,640 వాట్లు. ఒక అశ్వశక్తి 736 వాట్లు కనుక, కావలసింది పది అశ్వశక్తి పైచిల్లర మాత్రమే!

చూశారా! 220 గుర్రాలున్నా, 290 గుర్రాలున్నా, పనిచేసేవి పదే. మిగిలినవి కొట్టంలో నిలబడి ఉంటాయి. అసలు గుర్రాలకైతే నిలబడి ఉన్నా దాణా వేయాలి. ఇంజను గుర్రాలు పనిచేసినప్పుడే తింటాయి. మన మొదటి ప్రశ్నకు ఇదే జవాబు.

ఇప్పుడు మైలేజీ లెక్క. ఒక కిలోమీటరు దూరం 344 న్యూటన్ల బలంతో నెట్టడానికి 3,44,000 జౌళ్ల పని కావాలి. లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్ల శక్తి ఉంటుంది. అందులో నాలుగో వంతే చక్రాలకు చేరుతుందనుకుందాం. మిగిలిన మూడు వంతులు వేడిగా, ఘర్షణగా పోతాయి. నాలుగో వంతు అంటే 80 లక్షల జౌళ్లు. దాన్ని 3,44,000తో భాగిస్తే 23. అంటే లీటరుకు 23 కి.మీ.

ఇదే కారు 120 కి.మీ. వేగంతో పోతే? వేగం ఒకటిన్నర రెట్లయింది కాబట్టి గాలి నిరోధం రెండుంబావు రెట్లవుతుంది. 207 న్యూటన్లు కాస్తా 467 అవుతాయి. దొర్లుడు ఘర్షణతో కలిపి 604 న్యూటన్లు. అదే నాలుగో వంతు లెక్కతో చూస్తే లీటరుకు 13 కి.మీ. మాత్రమే. ఇంజనులో ఏ మార్పూ లేదు. కుడి కాలు కొంచెం ఎక్కువ నొక్కితే చాలు, మైలేజీ దాదాపు సగానికి పడింది.

అన్ని గుర్రాలనూ ఒకేసారి పరుగెత్తిస్తే ఏమవుతుందో కూడా చూడండి. 220 అశ్వశక్తి అంటే సుమారు 1,62,000 వాట్లు. పెట్రోలు శక్తిలో పదింట మూడు వంతులు పనిగా మారుతుందనుకున్నా, ఆ ఇంజను నిమిషానికి ఒక లీటరు పెట్రోలు తాగుతుంది! 290 అశ్వశక్తి ఇంజను లీటరుంపావుకు పైగా తాగుతుంది. 80 కి.మీ. వేగంతో నెమ్మదిగా పోతే అదే లీటరు పదిహేడు నిమిషాలు వస్తుంది.

బ్రేకు మింగే పెట్రోలు

ట్యూనింగు చేసిన కారుకు "పికప్" ఎక్కువ. సిగ్నలు దగ్గర ఆగిన కారు క్షణాల్లో 80 కి.మీ. వేగం అందుకుంటుంది. తర్వాతి సిగ్నలు దగ్గర మళ్లీ బ్రేకు. ఇందులో ఎంత నష్టమో గతిజశక్తి సూత్రం చెబుతుంది. ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి సగం చేయండి. 1,400 కిలోగ్రాములు, సెకనుకు 22.2 మీటర్లు. జవాబు సుమారు 3,45,000 జౌళ్లు.

ఈ సంఖ్యను ఇంతకుముందు ఎక్కడో చూసినట్లు లేదూ? 80 కి.మీ. వేగంతో ఒక కిలోమీటరు ప్రయాణానికి కావలసిన పని కూడా దాదాపు ఇంతే. అంటే ఆ వేగం అందుకుని గట్టిగా బ్రేకు నొక్కిన ప్రతిసారీ ఒక కిలోమీటరుకు సరిపడే శక్తిని బ్రేకు పళ్లేలలో వేడిగా పారబోస్తున్నాం. ముందున్న సిగ్నలును దూరం నుంచే గమనించి కాలు తీసేసేవాడికి ఆ కిలోమీటరు మిగులుతుంది.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. ఘాటు దిగేటప్పుడు కొందరు పెట్రోలు ఆదా అవుతుందని గేరు తీసి న్యూట్రలులో బండిని దొర్లిస్తారు. కంప్యూటరు ఉన్న ఇంజనులో ఇది తలకిందుల లెక్క. గేరులో ఉంచి యాక్సిలరేటరు మీద కాలు తీస్తే, చక్రాలే ఇంజనును తిప్పుతాయి కనుక కంప్యూటరు పెట్రోలును పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రలులో పెడితే ఇంజను ఆగిపోకుండా ఉండడానికి కొంత పెట్రోలు పోయవలసి వస్తుంది. పైగా బండిని పట్టి ఉంచే ఇంజను సాయం పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఘాటు రోడ్డులో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ట్యూనింగు తినేది పెట్రోలు కాదు, భద్రతను

నెమ్మదిగా నడిపితే మైలేజీ మారదని తెలిసింది. మరి ట్యూనింగుతో ఏ నష్టమూ లేదా? ఉంది. తంబురా తీగను బిగిస్తే శ్రుతి పెరుగుతుంది. ఇంకా బిగిస్తే ఇంకా పెరుగుతుంది. మరీ బిగిస్తే ఒక్కసారిగా తెగుతుంది. ఇంజను తయారుచేసేవారు ఎండకు, చలికి, నాసి పెట్రోలుకు, సర్వీసింగు ఆలస్యం చేసే యజమానికి కూడా తట్టుకునేలా కొంత బలాన్ని చేతిలో ఉంచుకుంటారు. ట్యూనింగు వాడుకునేది ఆ చేతిలో ఉంచిన బలాన్నే.

దీన్ని అర్థం చేసుకోవాలంటే "నాకింగు" అంటే ఏమిటో తెలియాలి. సైకిలుకు పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు అడుగు వేడెక్కడం మీరు గమనించే ఉంటారు. గాలిని అదిమితే వేడెక్కుతుంది. ఇంజనులోనూ అంతే. ప్లగ్గు మెరిశాక మంట ఒక మూల నుంచి మరో మూలకు క్రమంగా పాకాలి. కాని పీడనం, వేడి మితిమీరితే మంట చేరకముందే చివరనున్న మిశ్రమం దానంతటదే భగ్గుమంటుంది. అప్పుడు సుత్తితో కొట్టినట్లు "టక్ టక్" మని వినిపించే శబ్దమే నాకింగు.

అది శబ్దంతో పోయేది కాదు. ముషలకాన్ని అల్యూమినియం మిశ్రలోహంతో చేస్తారు. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది. సిలిండరులో మండే వాయువుల ఉష్ణోగ్రత 2,000 డిగ్రీలు దాటుతుంది. అయినా ముషలకం కరగదు. దాని ఉపరితలాన్ని అంటిపెట్టుకుని వేడి తక్కువగా ఉన్న పలుచని వాయు పొర ఒకటి ఉంటుంది; కిందినుంచి ఆయిలు వేడిని లాగేస్తుంది. నాకింగులో పుట్టే పీడన తరంగాలు ఆ పొరను చెదరగొడతాయి. ఇక లోహానికి నేరుగా వేడి తగులుతుంది. అది తీవ్రంగా సాగితే ముషలకం అంచులు విరుగుతాయి, ఒక్కోసారి నడిమధ్యన రంధ్రం పడుతుంది. అంతటితో ఇంజను పని సరి.

ఆక్టేను సంఖ్య చెప్పేదేమిటి?

నాకింగును పెట్రోలు ఎంత తట్టుకోగలదో ఆక్టేను సంఖ్య చెబుతుంది. త్వరగా నాకింగు ఇచ్చే నార్మల్ హెప్టేనుకు 0, బాగా తట్టుకునే ఐసో ఆక్టేనుకు 100 అని పెట్టుకుని మిగతా ఇంధనాలను వాటితో పోలుస్తారు. జర్మనీలోని బంకుల్లో 95, 98 ఆక్టేను పెట్రోళ్లు దొరుకుతాయి. ట్యూనింగు చేసిన కార్లకు సాధారణంగా రెండోది పోయమంటారు.

తక్కువ ఆక్టేను పెట్రోలు పోస్తే ఏమవుతుంది? ఇంజనుకు బిగించిన ఒక స్ఫటికపు పరికరం నాకింగు కంపనాలను పసిగట్టి కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటరు వెంటనే ప్లగ్గు మెరిసే క్షణాన్ని వెనక్కి జరుపుతుంది. ఇంజను బతుకుతుంది. కాని వాయువులు సరైన క్షణంలో నెట్టవు కాబట్టి అదే పెట్రోలుతో తక్కువ పని జరుగుతుంది. బంకు దగ్గర మిగిలిన రూపాయలు రోడ్డు మీద పోతాయి.

ఆక్టేను సంఖ్య ఎక్కువైతే శక్తి కూడా ఎక్కువని మాత్రం అనుకోకండి. ఇథనాలునే చూడండి. దాని ఆక్టేను సంఖ్య 100 దాటుతుంది. కాని లీటరు ఇథనాలులో ఉండే శక్తి సుమారు 2 కోట్ల 10 లక్షల జౌళ్లే. మన దేశంలో పెట్రోలులో ఇథనాలు పాలు 2025లో 20 శాతానికి చేరింది. అలాంటి లీటరు మిశ్రమంలో శక్తి ఎంతో మీరే లెక్కకట్టండి. శుద్ధ పెట్రోలు కన్నా దాదాపు 7 శాతం తక్కువ వస్తుంది.

నాకింగును అణచడానికి ఒకప్పుడు ఒక దగ్గరిదారి తొక్కారు. 1921లో అమెరికాలో థామస్ మిడ్గ్లీ సీసం సమ్మేళనం ఒకటి నాకింగును ఆపుతుందని కనుగొన్నాడు. ఇంజన్లు బాగుపడ్డాయి, కాని పొగతో వచ్చిన సీసం పిల్లల మెదడుకు హాని చేసింది. మన దేశం 2000లో సీసం కలిపిన పెట్రోలు అమ్మకాన్ని ఆపింది. ప్రపంచంలో చివరగా 2021లో అల్జీరియా ఆపింది. ఇంజనుకు మంచిదైనదల్లా మనిషికి మంచిది కాకపోవచ్చునని ఈ కథ చెబుతుంది.

సర్వీసింగులో ఏం చూడాలి?

ట్యూనింగు వల్ల తరిగిన భద్రతను యజమాని శ్రద్ధతో పూడ్చుకోవాలి. ముఖ్యమైనవి ఇవి.

ఆయిలు: టర్బో ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. లోహం లోహాన్ని తాకకుండా దాన్ని మోసేది పలుచని ఆయిలు పొరే. వేడికి, ఆయిలులోకి దిగే పెట్రోలుకు ఆ పొర బలహీనపడుతుంది. ఈ కంపెనీ ఐరోపాలో కొన్ని కార్లకు ఆయిలు 30,000 కి.మీ. వరకు లేదా రెండేళ్లు వాడవచ్చని చెప్పింది. ట్యూనింగు చేసిన ఇంజనుకు ఆ లెక్క పనికిరాదు. శ్రద్ధగల యజమానులు 10,000 కి.మీ. లోపే మారుస్తారు. బండిని జోరుగా నడిపాక చివరి ఒకటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా పోనిస్తే టర్బో చల్లబడుతుంది. లేకుంటే నిలిచిపోయిన ఆయిలు ఆ వేడికి మాడి మసి కడుతుంది.

స్పార్కు ప్లగ్గులు: పీడనం ఎక్కువైన కొద్దీ మెరుపు దూకడం కష్టం. ప్లగ్గు అరిగి మొనల మధ్య ఖాళీ పెరిగితే ఒక్కో ఘాతంలో మంట అంటుకోదు. మెకానిక్కులు దీన్నే "మిస్సింగు" అంటారు. మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి, అక్కడ విషవాయువులను శుద్ధిచేసే కెటాలిటిక్ కన్వర్టరులో మండి దాన్ని కరిగించవచ్చు. కొన్ని వందల రూపాయల ప్లగ్గు వేల రూపాయల భాగాన్ని తినేస్తుందన్నమాట.

ఎయిర్ ఫిల్టరు: ఫిల్టరు మూసుకుపోతే మైలేజీ పడిపోతుందని పాత కార్బురేటరు కార్ల నాటి మాట. కంప్యూటరు ఉన్న ఇంజను లోపలికి వచ్చిన గాలిని కొలిచి దానికి సరిపడే పెట్రోలే చిమ్ముతుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో జరిపిన పరీక్షల్లో, ఇలాంటి కార్లలో మూసుకుపోయిన ఫిల్టరు వల్ల మైలేజీ పెద్దగా మారలేదు. పికప్ మాత్రం తగ్గింది. అయినా ఫిల్టరు మార్చాల్సిందే. ఎక్కువ గాలి పీల్చడానికే ట్యూనింగు చేయించిన ఇంజను ముక్కు మూయడం తెలివి కాదు కదా!

కవాటాలు: కొన్ని ఇంజన్లలో పెట్రోలును నేరుగా సిలిండరులోనే చిమ్ముతారు. అప్పుడు గాలి వచ్చే కవాటాలను కడిగే పెట్రోలు ఉండదు. వాటి మీద మసి పేరుకుంటుంది. దాన్ని తీయడానికి ఒక తమాషా పద్ధతి ఉంది. అక్రోటు కాయల పెంకు పొడిని గాలి పీడనంతో కవాటాల మీద చిమ్ముతారు. అది మసిని రాల్చేంత గట్టిది, లోహాన్ని గీకలేనంత మెత్తనిది.

ఆక్సిజను సెన్సరు, థర్మోస్టాటు: పొగలో మిగిలిన ఆక్సిజనును కొలిచి పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెప్పేది సెన్సరు. దీన్ని మొదట 1976లో వోల్వో కార్లలో వాడారు. ఇది ముసలిదైతే తప్పుడు వార్త చెబుతుంది. అలాగే థర్మోస్టాటు తెరుచుకునే ఉండిపోతే ఇంజను వేడెక్కదు. చల్లని ఇంజనుకు కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది.

టైర్లు, బ్రేకులు: గాలి తగ్గిన టైరు దొర్లుతూ ఎక్కువగా నలుగుతుంది, ఘర్షణ పెరుగుతుంది. పట్టి వదలని బ్రేకు రోజంతా పెట్రోలును వేడిగా మారుస్తూనే ఉంటుంది. ఇంజను బలం పెంచినవారు ముందుగా బ్రేకులు చూసుకోవాలి. వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. ఈ సూత్రానికి ట్యూనింగు లేదు.

చట్టాన్ని కూడా మరవకూడదు. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మన దేశపు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది.

మైలేజీయే ఇంజను నాడి

వైద్యుడు నాడి పట్టి చూసినట్లు ఇంజను ఆరోగ్యాన్ని ఒక చిన్న నోటు పుస్తకంతో చూడవచ్చు. ట్యాంకు నిండా పెట్రోలు పోయించి మీటరు అంకె రాసుకోవాలి. మళ్లీ నింపినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాయాలి. 504 కి.మీ. తిరిగాక 42 లీటర్లు పడితే మైలేజీ 12. ఐరోపాలో దీన్ని తిప్పి, 100 కిలోమీటర్లకు 8.3 లీటర్లు అంటారు.

ఒక్కసారి లెక్కతో ఏమీ తేలదు. ఐదారుసార్లు రాస్తే మామూలు అంకె ఏదో తెలుస్తుంది. అదే దారిలో, అదే తీరున నడిపినా 12 ఉన్నది 10.5కు పడితే ఇంజను ఏదో చెబుతోందన్నమాట. టైరు గాలి, ప్లగ్గులు, బ్రేకులు, సెన్సరు, థర్మోస్టాటు వరుసగా చూడాలి. కీడు జరగకముందే తెలిపే ఇంత చౌక పరికరం మరొకటి లేదు.

ఇంకొక సంగతి. ఏడో తరం గోల్ఫ్ జీటీఐ 100 కి.మీ.కు 6 లీటర్లు తాగుతుందని, కిలోమీటరుకు 139 గ్రాముల కార్బన్ డయాక్సైడు వదులుతుందని కంపెనీ ప్రకటించింది. ఈ రెండు అంకెలను కలిపి చూడండి. లీటరుకు 2,300 గ్రాములకు పైగా వస్తుంది! 740 గ్రాముల పెట్రోలు నుంచి ఇంత బరువు ఎలా వచ్చింది? పెట్రోలులోని ప్రతి కార్బను పరమాణువూ గాలి నుంచి రెండు ఆక్సిజను పరమాణువులను పట్టుకుపోతుంది గనుక. ఆదా చేసిన ప్రతి లీటరూ ఇంత వాయువును ఆపుతుంది.

మీరే చేసి చూడండి

1. సైకిలు టైరులో గాలి నిండుగా ఉన్నప్పుడు, కొంచెం వాలుగా ఉన్న ఖాళీ మైదానంలో ఒక గుర్తు దగ్గరనుంచి తొక్కకుండా దొర్లిపోండి. ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టండి. గాలి కొంత తీసేసి మళ్లీ చేయండి. రెండు దూరాల తేడాను మీ స్నేహితులతో కలిసి కొలవండి.

2. మీ ఇంట్లో స్కూటరో, మోటారు సైకిలో ఉంటే నాన్నగారినో అమ్మగారినో అడిగి రెండు నెలలు మైలేజీ పుస్తకం మీరే రాయండి. సర్వీసింగుకు ముందు, తర్వాత అంకెలను పోల్చండి.

3. పై లెక్కను గంటకు 60 కి.మీ. వేగానికి చేయండి. గాలి నిరోధం ఎంత? ఎన్ని అశ్వశక్తి చాలు? లీటరుకు ఎన్ని కిలోమీటర్లు?

మూడో ప్రశ్నకు సరిగా జవాబు రాబట్టినవారు ఒక సంగతి గమనిస్తారు. అక్కడ పనిచేసేవి ఐదారు గుర్రాలే. కొట్టంలో ఎన్ని ఉన్నాయన్నది కాదు, కళ్లెం ఎవరి చేతిలో ఉంది, కొట్టాన్ని ఎంత శుభ్రంగా ఉంచుతున్నారు అన్నవే పెట్రోలు ఖర్చును, ఇంజను ఆయుష్షును నిర్ణయిస్తాయి.